తుపాను కాలంలో హైదరాబాద్ పునరావాస కేంద్రాల్లో వాలంటీరుగా పనిచేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌కు సముద్రం లేదు, తుపానుతో మనకేం పని అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం తీరం దాటింది కాకినాడ దగ్గర, ఆ రాత్రి మునిగింది హైదరాబాద్. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అదే నెలలో పాతబస్తీ పక్కన పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలకు కాలనీలు నీళ్లపాలయ్యాయి. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లు వచ్చాయి. ప్రయాణికులను అక్కడి నుంచి రాత్రిపూట బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

తీరంలో తుపాను అంటే గాలి, ఉప్పెన. మన దాకా వచ్చేసరికి గాలి బలం తగ్గుతుంది కానీ వాన మిగిలే ఉంటుంది. ఆ వానకు నాలాలు పొంగుతాయి, చెరువులు అలుగు పారతాయి, జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతారు. అప్పుడు లోతట్టు బస్తీల వాళ్లను కమ్యూనిటీ హాళ్లకూ ప్రభుత్వ బడులకూ ఫంక్షన్ హాళ్లకూ తరలిస్తారు. ఈ రాత అంతా ఆ హాళ్లలో చేయాల్సిన పని గురించే. పడవలు నడపడం, తాళ్లు పట్టుకుని నీళ్లలో దిగడం విపత్తు సహాయ దళాలైన డీఆర్‌ఎఫ్ (నగరానిది), ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ స్థాయిది) వాళ్ల పని. దాని జోలికి మనం వెళ్లకూడదు.

ఒక మాట ముందే చెప్పాలి. మొదటి రోజు సాయానికి కొదవ ఉండదు. బిర్యానీ ప్యాకెట్లు వస్తాయి, బ్యానర్లు వస్తాయి, సెల్ఫీలు కూడా. మూడో రోజుకు వాటిలో ఏదీ ఉండదు. హాల్లో జనం మాత్రం అలాగే ఉంటారు, మరుగుదొడ్లు నిండిపోయి ఉంటాయి, షుగర్ మాత్రలు అయిపోయిన పెద్దాయన ఎవరిని అడగాలో తెలియక కూర్చుని ఉంటాడు. వాలంటీరు కావాలనుకుంటే ఆ మూడో రోజుకు సిద్ధపడి రండి.

1. వాన రాకముందే పేరు రాయించుకోండి

బంగాళాఖాతంలో తుపానులకు ఏటా రెండు కాలాలు ఉంటాయి. ఒకటి ఏప్రిల్, మే నెలల్లో, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హైదరాబాద్ వరకు చూస్తే ఆగస్టు, సెప్టెంబరు వాయుగుండాలను కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే, ఎందుకంటే చెరువులు అప్పటికే నిండి ఉంటాయి. కాబట్టి జూన్, జులైలోనే ఈ పని పూర్తి చేసుకోవడం మంచిది.

మీ వార్డు ఆఫీసుకు వెళ్లి, ముంపు వస్తే మన దగ్గర ఏ హాలు తెరుస్తారు, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, బాధ్యుడైన అధికారి ఎవరు అని అడగండి. ఈ మూడు విషయాలూ తెలిసిన మనిషి ఆ రాత్రి ఎంతో పనికొస్తాడు. జవాబు సరిగా రాకపోతే బస్తీ పెద్దలను, అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. పోయినసారి జనం ఎక్కడ తలదాచుకున్నారో వాళ్లకు తెలుసు, చాలాసార్లు ఈసారీ అక్కడికే వెళ్తారు.

శిక్షణ కావాలంటే రెడ్‌క్రాస్ తెలంగాణ శాఖ ప్రథమ చికిత్స తరగతుల గురించి అడగండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం కింద ఎంపికైన వాలంటీర్లకు 12 రోజుల శిక్షణ ఇస్తారు. కొత్త బ్యాచ్ ఉందా అన్నది కలెక్టరేట్‌లో తెలుస్తుంది. కాలేజీ పిల్లలకు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) దారి ఉండనే ఉంది. ఒంటరిగా వెళ్లి హాలు ముందు నిలబడేకన్నా ఏదో ఒక గుంపులో, ఒక జాబితాలో ఉండి వెళ్తే అధికారులు పని అప్పగిస్తారు. లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, అలా ఆపడం న్యాయమే కూడా.

ఫోన్‌లోనూ ఒక కాగితం మీదా ఈ నంబర్లు రాసి పెట్టుకోండి: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, జీహెచ్‌ఎంసీ కంట్రోల్ రూమ్ 040-21111111. కాగితం ఎందుకంటే ఆ రాత్రి ఫోన్ చార్జింగ్ అందరికంటే ముందు మీదే అయిపోతుంది.

2. హెచ్చరికను చదవడం నేర్చుకోండి

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 7 నుంచి 11 సెంటీమీటర్లు పడితే భారీ వర్షం. 12 నుంచి 20 అయితే అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే చర్యలోకి దిగమని అర్థం. వాట్సాప్‌లో తిరిగే ఎర్ర రంగు మ్యాపులను కాకుండా బేగంపేటలోని వాతావరణ కేంద్రం ఇచ్చే బులెటిన్‌ను చూడండి. జిల్లాల పేర్లతో సహా అందులో ఉంటుంది.

అయితే మన నగరానికి ఆ ఒక్క బులెటిన్ సరిపోదు. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది, ఈసీ నది కూడా ఆ దిక్కు నుంచే వస్తుంది. అక్కడి వాన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలో చేరుతుంది. గేట్లు ఎత్తాక ఆ నీళ్లు చాదర్‌ఘాట్, మూసానగర్, కమల్‌నగర్, మూసారాంబాగ్ దాకా రావడానికి కొంత సమయం పడుతుంది. అందుకే నగరంలో చినుకు లేకపోయినా మూసీ ఒడ్డు బస్తీలు మునగవచ్చు. గేట్లు ఎత్తారన్న వార్త చూడగానే బ్యాగు సర్దుకోండి. మైకులో ప్రకటన మొదలయ్యేసరికి మీరు హాలు దగ్గర ఉండాలి. ఆ ఒడ్డు వాళ్లకు ఈ లెక్క మనకన్నా బాగా తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. జంట జలాశయాలు కట్టిందే ఆ వరద తర్వాత.

నాలాల పక్క కాలనీల్లో మాత్రం ఇంత వ్యవధి దొరకదు. గంట గట్టి వాన పడితే చాలు, నీళ్లు ఇళ్లలోకి వచ్చేస్తాయి.

3. మీ సంచి, మీ ఒళ్లు, మీ ఇల్లు

ముందు మీ ఇల్లు చూసుకోండి. ఇంట్లో పసిపిల్లలు, మంచాన పడిన పెద్దవాళ్లు ఉండి, చూసుకునే మనిషి మీరొక్కరే అయితే కేంద్రానికి రావద్దు. ఇంటి నుంచే ఫోన్ డ్యూటీ చేయవచ్చు, అదీ చిన్న పనేం కాదు. జ్వరం ఉన్నవాళ్లు, కాళ్ల మీద పచ్చి గాయాలు ఉన్నవాళ్లు కూడా ఆగిపోవాలి. వరద నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. గాయం గుండా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకుతుంది. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో గుర్తులేకపోతే బస్తీ దవాఖానాలో అడిగి వేయించుకోండి.

సంచిలో టార్చి, పవర్ బ్యాంకు, నీళ్ల సీసా, మీ మందులు, ఒక జత పొడి బట్టలు, రెయిన్‌కోటు, చేతి తొడుగులు, పెన్నులు, మందపాటి నోటుబుక్కు, మార్కరు, సెల్లో టేపు ఉండాలి. చెప్పులు వద్దు, మడమ మూసి ఉండే బూట్లు వేసుకోండి. గొడుగు ఇంట్లోనే వదిలేయండి, రెండు చేతులకూ పని ఉంటుంది. మీ అన్నం మీరే తెచ్చుకోండి. అక్కడి వాళ్ల కోసం వచ్చిన ప్యాకెట్ మీరు తింటే ఎవరూ ఏమీ అనరు కానీ లెక్క తప్పుతుంది.

హాలుకు వెళ్లే దారిలో నీళ్లు పారుతుంటే దిగకండి. మన రోడ్ల మీద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి కనపడదు. కరెంటు స్తంభాలను, వంగిన తీగలను ముట్టుకోవద్దు. చుట్టూ తిరిగి వెళ్లండి, లేదా రాలేనని ఫోన్ చేసి చెప్పండి.

4. హాల్లో అడుగుపెట్టగానే

ఇన్‌చార్జి అధికారి దగ్గరికి వెళ్లి పేరు, ఫోన్ నంబరు, ఎన్ని గంటల దాకా ఉంటారో చెప్పండి. నాకు ఏ పని ఇస్తారు అని అడగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పదిమంది వాలంటీర్లు ఉండి పదిమందీ భోజనాల దగ్గరే గుమిగూడితే, తలుపు దగ్గర ముసలమ్మ తడి బట్టలతో వణుకుతూనే ఉంటుంది.

జనం రాకముందే హాలు చూసే వీలుంటే ఈ క్రమంలో చూడండి. మెయిన్ స్విచ్ ఎక్కడుంది, నేల స్థాయిలో తెరిచి ఉన్న ప్లగ్గులు ఉన్నాయా, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, మరుగుదొడ్లు ఎన్ని, వాటికి లోపల గడియ ఉందా, లైటు ఉందా. గడియ లేని మరుగుదొడ్డి ఆడవాళ్లకు లేనట్టే. ఒక వడ్రంగిని పిలిస్తే అరగంట పని.

ఎంతమంది పడతారు? జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రమాణం ప్రకారం మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలి. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న ఫంక్షన్ హాలు అంటే 200 చదరపు మీటర్లు. అందులో 57 మందికి చోటు. నిజానికి ఆ రాత్రి 150 మంది వస్తారు. అందుకని లెక్క వదిలేయకండి. 57 దాటగానే పక్క బడిలో గదులు తెరవమని ఇన్‌చార్జికి గుర్తుచేయండి. నోటి మాటగా కాకుండా ‘‘ఇప్పటికి 90 మంది ఉన్నారు, చోటు 57 మందికే’’ అని కాగితం మీద రాసిస్తే కదలిక వస్తుంది.

చాపలు పరిచేటప్పుడు ఒక్కో కుటుంబాన్ని ఒకేచోట ఉంచండి, గోడల వెంట సర్దండి, మధ్యలో నడిచే దారి వదలండి. నడవలేని వాళ్లకు మరుగుదొడ్డి వైపు చోటు ఇవ్వండి. బాలింతలకు, పాలిచ్చే తల్లులకు చీరలో దుప్పట్లో కట్టి ఒక మూల చాటు చేయండి. పాతబస్తీ కుటుంబాల్లో పర్దా పాటించే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకు విడి గది దొరికితే సగం ఇబ్బంది పోతుంది. గది లేక ఆడవాళ్లు నీళ్లు నిండిన ఇంటి మేడ మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది.

బెడ్‌షీట్లు, చాపలు పంచేటప్పుడు మొదట పొడి బట్టల సంగతి చూడండి. తడి బట్టలతో పడుకున్న పసివాడికి తెల్లారేసరికి జ్వరం వస్తుంది.

5. రిజిస్టరు: మొత్తం పనిలో ఇదే ముఖ్యం

వాలంటీర్లకు అస్సలు నచ్చని పని ఇది, అందుకే ఎప్పుడూ సగంలో ఆగిపోతుంది. నా దృష్టిలో మాత్రం చక్కటి చేతిరాత ఉన్న ఒక మనిషి రిజిస్టరు దగ్గర కదలకుండా కూర్చుంటే ఆ కేంద్రం సగం గట్టెక్కినట్టే.

కుటుంబానికి ఒక పేజీ ఇవ్వండి. ఇంటి పెద్ద పేరు, బస్తీ, ఇంటి నంబరు తెలిస్తే అది, ఫోన్ నంబరు, ఎంతమంది వచ్చారు, వాళ్ల వయసులు, వచ్చిన తేదీ, గంట రాయండి. ఆ కింద ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. గర్భిణులు ఎవరైనా ఉన్నారా, ఎన్నో నెల? రోజూ వేసుకునే మందులు ఏవి, ఎన్ని రోజులకు మిగిలి ఉన్నాయి? నడవలేని, చూడలేని, వినలేని వాళ్లు ఉన్నారా? కుటుంబంలో ఇంకా రావాల్సినవాళ్లు ఎవరు?

చివరి ప్రశ్నను తొందరపడి అడగొద్దు. ‘‘అందరూ వచ్చిండ్రా అమ్మా?’’ అని అడిగి ఒక్క నిమిషం ఆగితే, డ్యూటీకి వెళ్లిన భర్త సంగతి, బంధువుల ఇంట్లో ఉన్న పిల్ల సంగతి అప్పుడు బయటికి వస్తాయి. ఆ పేర్లను విడిగా ఒక కాగితం మీద రాసి ప్రతి రెండు గంటలకోసారి చూస్తూ ఉండండి. ఇతర కేంద్రాల జాబితాలతో సరిచూడమని ఇన్‌చార్జిని అడగండి.

మందుల కాలమ్‌ను ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త) లేదా డాక్టర్ వచ్చిన వెంటనే చూపించండి. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ మందులు ఆగకూడదు. పాత మాత్రల అట్ట ఉంటే ఫోటో తీసి డాక్టర్‌కు చూపించడం మంచిదే, కానీ మీకు తెలిసిన మందే కదా అని మీరు ఇవ్వకండి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఆ మందు ఎక్కడ చల్లగా పెట్టాలో ముందే చూడండి, పక్క కిరాణా దుకాణం ఫ్రిజ్ అయినా సరే.

ఆధార్ కార్డు లేదని ఎవరినీ తిప్పి పంపకండి. కార్డు నీళ్లలో పోయి ఉంటుంది, లేదా ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీల కార్డులు వాళ్ల మేస్త్రీ దగ్గర ఉంటాయి. వాళ్లకు మన భాష రాదు. ఒకరిద్దరు వాలంటీర్లకు హిందీ, ఉర్దూ వచ్చి ఉండాలి. ‘‘చాచా, దవా హై క్యా?’’ అని అడగగలిగితే చాలు.

ఒంటరిగా వచ్చిన పిల్లలు ఉంటే వాళ్ల పేజీ మీద ఎర్ర గుర్తు పెట్టండి. మేనమామనంటూ ఎవరు వచ్చినా, పిల్ల తెలుసని తల ఊపినా సరే, ఇన్‌చార్జి, పోలీసు లేకుండా అప్పగించొద్దు. 1098కి ఫోన్ చేయండి.

ఈ రిజిస్టరును ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. అందులో ఆడపిల్లల ఫోన్ నంబర్లు, గర్భిణుల వివరాలు ఉంటాయి.

ఇంకో మాట. జనం తప్పకుండా అడుగుతారు: ఈ పేరు రాస్తే డబ్బులొస్తయా అన్నా? 2020లో వరద బాధిత కుటుంబాలకు ప్రభుత్వం 10,000 రూపాయలు ప్రకటించాక మీ సేవ కేంద్రాల ముందు ఎంతెంత క్యూలు కట్టారో అందరికీ గుర్తుంది. మీరు హామీ ఇవ్వొద్దు. ‘‘ఇది ఇక్కడ ఉన్నవాళ్ల జాబితా, సాయం లెక్క అధికారులు వేరుగా రాస్తారు’’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంటి ముంపు ఫోటోలు, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గుర్తు, పాడైన వస్తువుల ఫోటోలు తీసి ఉంచుకోమని మాత్రం చెప్పండి.

6. అన్నం, నీళ్లు

నీళ్ల లెక్క ముందు. మనిషికి రోజుకు కనీసం 3 లీటర్ల తాగునీళ్లు కావాలి. 100 మంది ఉంటే 300 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 15. స్నానానికి, మరుగుదొడ్డికి మనిషికి 15 లీటర్ల చొప్పున మరో 1,500 లీటర్లు. జలమండలి 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి వస్తే 100 మందికి మూడు రోజులకు సరిపోతుంది. ఈ అంకెలు చేతిలో ఉంటే ‘‘నీళ్లు పంపండి సార్’’ అనకుండా ‘‘రోజుకు 15 క్యాన్లు, ఎల్లుండికి ఇంకో ట్యాంకర్’’ అని అడగవచ్చు.

అన్నం విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. బిర్యానీ ప్యాకెట్లు మొదటి పూటకు సరే, ఆ తర్వాత వద్దు. మసాలా, నూనె పిల్లలకూ పెద్దవాళ్లకూ పడవు, మరుగుదొడ్లు తక్కువున్న చోట అది ఇంకో సమస్య. మాంసం తినని వాళ్లు, హలాల్ కాకపోతే ముట్టనివాళ్లు పక్కపక్కనే ఉంటారు. కిచిడీ, టమాటా పప్పన్నం, ఉప్మా, పులిహోర, చపాతీ ఆలుగడ్డ కూర లాంటివి అందరూ తింటారు. కిచిడీకి తోడు కొంచెం ఖట్టా ఉంటే హైదరాబాదీలు ఇంకేం అడగరు. అరటిపండ్లు, బిస్కెట్లు, ఉడికించిన గుడ్లు పక్కన పెట్టండి. పెద్దవాళ్లకు రోజుకు 2,400 కిలో క్యాలరీలు, పిల్లలకు 1,700 అందాలన్నది ప్రమాణం. రెండు పూటలా ఒక్క పులిహోర పొట్లంతో అది తీరదు.

వండిన గంటను ప్రతి గంపకూ మార్కరుతో రాసి అతికించండి. వేడిగా ఉంచలేని అన్నాన్ని నాలుగు గంటల తర్వాత పంచొద్దు. పొద్దున వచ్చిన సాంబారన్నం మధ్యాహ్నానికి పుల్లబడితే, పాపం దాత తెచ్చాడు కదా అని మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. వంద మందికి ఒకేసారి వాంతులు మొదలైతే 108 బండ్లు కూడా సరిపోవు.

పంచేటప్పుడు జనాన్ని క్యూలో నిలబెట్టకండి, పంక్తుల్లో కూర్చోబెట్టి వడ్డించండి. పెళ్లిళ్లలో చేసే పనే ఇది, అందరికీ చేతనవును. క్యూలో ముసలివాళ్లు వెనకబడతారు, కొట్లాటలు వస్తాయి. లారీ మీద నుంచి ప్యాకెట్లు విసరడం అయితే ఎవరు చేసినా ఆపండి. షుగర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పసిపిల్లలకు ముందు వడ్డించండి.

తల్లిపాలు తాగే పిల్లలకు పాలపొడి డబ్బాలు పంచకండి. శుభ్రమైన నీళ్లు లేని చోట పాలసీసా విరేచనాలు తెస్తుంది. తల్లికి కడుపునిండా అన్నం, చాటుగా కూర్చునే చోటు ఇస్తే పాలు ఆగవు. తల్లి లేని పసివాళ్ల సంగతి డాక్టర్ చూస్తారు.

7. మరుగుదొడ్లు

ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ప్రమాణం 30 మందికి ఒకటి. 150 మందికి అయిదు కావాలి, ఫంక్షన్ హాల్లో సాధారణంగా అన్ని ఉండవు. మొబైల్ టాయిలెట్ వాహనం కోసం మొదటి గంటలోనే అడగండి, రెండో రోజు అడిగితే మూడో రోజు వస్తుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా కేటాయించి తలుపు మీద బొమ్మ వేయండి, అందరికీ చదువు రాదు. సబ్బు, చెంబు, బకెట్ లేని మరుగుదొడ్డి లెక్కలోకి రాదు.

పారిశుద్ధ్య కార్మికులు ఆ రోజుల్లో నగరమంతా పరుగెత్తుతుంటారు. రోజుకు రెండుసార్లు వచ్చినా గొప్పే. మధ్యలో చేతి తొడుగులు వేసుకుని మీరే నీళ్లు కొట్టి బ్లీచింగ్ చల్లండి. ఆ పనికి వెనకాడేవాళ్లు వాలంటీరు బ్యాడ్జి ఇంకొకరికి ఇచ్చేయడం మంచిది. వాడిన ప్యాడ్ల కోసం మూత ఉన్న చెత్తకుండీ ఒకటి పెట్టి, ప్యాడ్ల ప్యాకెట్లను ఒక మహిళా వాలంటీరు చేతిలో పెట్టండి. కౌంటర్ మీద పేర్చి పెడితే ఎవరూ వచ్చి తీసుకోరు.

విరేచనాలు మొదలైతే లీటరు తాగునీటిలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. సగం ప్యాకెట్, అర గ్లాసు లెక్కలు వద్దు. ఒకేరోజు ముగ్గురు నలుగురికి వస్తే నీళ్లలోనో అన్నంలోనో తేడా ఉందని అర్థం, వెంటనే దవాఖానాకు చెప్పండి.

8. రాత్రి డ్యూటీ

రాత్రి ఇద్దరుండాలి, ఒకరు మహిళ అయితే మంచిది. మరుగుదొడ్ల దారిలో లైటు ఆరిపోకుండా చూడండి. గేటు దగ్గర బయటివాళ్ల రాకపోకలు రాసుకోండి. దుప్పట్లు పంచుతాం అంటూ అర్ధరాత్రి లోపలికి వచ్చే దాతలకు పొద్దున్నే రమ్మని మర్యాదగా చెప్పండి. తాగి వచ్చి గొడవ చేసేవాళ్లతో మీరు వాదానికి దిగొద్దు, 112కి ఫోన్ చేయండి.

ఏడుస్తున్న మనిషి దగ్గర కూర్చోవడం కూడా పనే. ‘‘ప్రాణాలు దక్కినయ్, అదే పదివేలు’’ అనొద్దు. ఇల్లంతా బురదైపోయిన మనిషికి ఆ మాట కోపం తెప్పిస్తుంది. ఏం పోయిందో చెప్పనివ్వండి. కుట్టుమిషను, కూతురి పెళ్లికి కొన్న బట్టలు, ఈఎంఐ కట్టని ఆటో... వింటే చాలు. పిల్లలకు చాక్‌పీసులు ఇస్తే గంట గడుస్తుంది.

దోమల చక్రాలు పిల్లల తల దగ్గర పెట్టొద్దు, చాపలకు దూరంగా పెట్టండి. పాములు మనుషుల్లాగే పొడి చోటు వెతుక్కుంటూ వస్తాయి. మూలల్లోని సామాన్లను చేత్తో కాకుండా కర్రతో కదిలించండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం వద్దు, మనిషిని కదలనివ్వకుండా 108లో పంపండి.

9. దానాలు వచ్చి పడితే

పాత బట్టల మూటలు వద్దని మొదటి రోజే గేటు మీద రాసి పెట్టండి. చిరిగిన చొక్కాలు, ఒంటి కాలి సాక్సులు వేరుచేయడానికి నలుగురు వాలంటీర్లు రోజంతా పోతారు. కావాల్సినవి ఇవి: కొత్త లోదుస్తులు, తువ్వాళ్లు, దుప్పట్లు, పిల్లల డైపర్లు, ప్యాడ్లు, బకెట్లు, చీపుర్లు, టార్చీలు, ఫినాయిల్. ఫోన్ చార్జింగ్ కోసం ఒక పెద్ద ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చిన దాతకు జనం దండం పెడతారు. వచ్చిన ప్రతి వస్తువునూ నోటుబుక్కులో ఎక్కించండి. డబ్బు మాత్రం మీ చేతికి తీసుకోకండి.

ఫోటో తీసి పెడితేనే ఇస్తానంటే ఆ సామాను వెనక్కి పంపినా నష్టం లేదు.

10. ఇక్కడి నుంచి తీరానికి వెళ్లాలనుకుంటే

ప్రతి తుపానుకూ హైదరాబాద్ నుంచి కార్లు బయలుదేరతాయి. పిలవకుండా వెళ్లకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు, మున్నేరు వరదలప్పుడు విజయవాడ దారిలో రైలు, రోడ్డు రెండూ తెగిపోయాయి. అలాంటప్పుడు దారిలో చిక్కుకుంటే సాయం చేయాల్సిన మీకే ఇంకొకరు సాయం చేయాల్సి వస్తుంది. సంస్థ ద్వారా వెళ్తే తుపాను తీరం దాటిన తర్వాత, అయిదో రోజో వారానికో వెళ్లండి. వెళ్లినవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తుపాను కన్ను పైనుంచి వెళ్తుంటే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది అలాగే. ఆగింది కదా అని బయటికి వస్తే కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే గాలి కొడుతుంది. అధికారులు చెప్పేదాకా షెల్టర్ తలుపు తీయకూడదు.

11. జనం ఇళ్లకు మళ్లేటప్పుడు

నీళ్లు తగ్గగానే అందరూ ఒక్కసారిగా వెళ్లిపోతామంటారు. పగటిపూట వెళ్లమనండి. తడిసిన ఇంట్లో కరెంటు మెయిన్ ఆన్ చేయకముందు ఎలక్ట్రీషియన్ చూడాలి. సంపులో వరద నీళ్లు చేరితే మొత్తం తోడి, కడిగి, బ్లీచింగ్ వేశాకే వాడాలి. అంతవరకు తాగే నీళ్లు కాచుకోవాలి. ఈ మూడు మాటలను తెలుగులో, ఉర్దూలో రాసి గోడకు అంటించండి, ఒక్కో కుటుంబానికీ నోటితో కూడా చెప్పండి. ఆ తర్వాతి వారాల్లో జ్వరం వస్తే వరద నీళ్లలో తిరిగామన్న సంగతి డాక్టర్‌కు చెప్పమనండి.

వాలంటీర్లు ఎక్కువగా కావాల్సింది ఇప్పుడే. ఒక్కో ఇంట్లో మోకాలి లోతు బురద ఉంటుంది. పారలు, వైపర్లు పట్టుకుని నలుగురు చొప్పున ఇళ్లు పంచుకోండి. ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు ముందు. తడిసిన సర్టిఫికెట్లు, పట్టాలు కనిపిస్తే ఎండలో పెట్టకండి, నీడలో విడివిడిగా పరచండి.

హాలు ఖాళీ అయ్యాక దాన్ని కడిగి, బెంచీలు ఉన్నచోట సర్ది, తాళం ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్లకే ఇవ్వండి. ప్రభుత్వ బడి అయితే సోమవారం పిల్లలు వస్తారు. వెళ్లినవాళ్ల తేదీ, గంట రిజిస్టరులో పూర్తి చేసి అసలు ప్రతిని ఇన్‌చార్జికి అప్పగించి సంతకం తీసుకోండి. మీ ఫోన్‌లో ఉన్న మాత్రల అట్టల ఫోటోలు, జాబితాలు డిలీట్ చేయండి.